ఇది ఖాళీదేలే

వెర్నాకు తుపాకీ కావాలని ఎవరికి ముందు తెలిసిందో గానీ, వారం తిరక్కుండా ఆమె ఏది కొనాలో ఊరంతా తేల్చేసింది. చర్చి మెట్ల మీద పాస్టరు భార్య ఒకటి చెప్పింది. కోళ్ల దాణా కొట్టాయన అది దండగ, ఇది కొనమన్నాడు. పళ్ల డాక్టరైతే ఆమె నోట్లో రెండు చేతులూ పెట్టి మరీ చెప్పాడు, కాదనడానికి కూడా వీల్లేకుండా. అరవై రెండేళ్ల మనిషి, బడి వంటగదిలో ముప్పై ఏళ్లపాటు మూడొందల మంది పిల్లలకు వండి వడ్డించిన మనిషి. నీకేం కావాలమ్మా అని అడిగినవాడు ఒక్కడంటే ఒక్కడు లేడు.

ఆమె భర్త హార్లన్ పోయి ఏడాదిన్నర అయింది. ఫిబ్రవరిలో ఒక బుధవారం ప్రార్థనకు వెళ్లి వచ్చేసరికి వెనక తలుపు విరిగి ఉంది. హార్లన్ చెట్లు కోసే రంపం పోయింది, మందుల డబ్బా పోయింది. పోతే పోయాయనుకుంది. రెండు వారాల తర్వాత వెనక వరండాలో బురద బూట్ల అచ్చులు కనిపించాయి, ఈసారి పడకగది కిటికీ దాకా. ఫోన్ చేస్తే పోలీసాయన వచ్చేసరికి నలభై నిమిషాలు పట్టింది. అతన్ని అని లాభం లేదు. అమెరికాలో ఆ ఆర్కన్సా కొండల్లో కంకర రోడ్డు చివర ఉన్న ఇంటికి ఎవరు వచ్చినా అంతే పడుతుంది. "ఈ నలభై నిమిషాలు మాత్రం మీరే ఏదో చూసుకోవాలమ్మా" అని టోపీ సర్దుకుని వెళ్లిపోయాడు.

దాంతో చెల్లెలు డార్లా, మరిది రోయ్స్ మొదలెట్టారు. ఇల్లు అమ్మెయ్యి, వచ్చి మా వెనక గదిలో ఉండు. ఆ వెనక గది వెర్నాకు తెలుసు. ఒక గోడకు జింక తల, ఇంకో గోడకు రోయ్స్ వ్యాయామం చేస్తానని కొని బట్టలు ఆరేసుకుంటున్న సైకిలు. హార్లన్ తన చేతులతో కట్టిన ఇల్లు వదిలి ఆ జింక మొహం చూస్తూ చావాలా అని ఆమెకు ఒళ్లు మండింది. కానీ రాత్రిళ్లు తలుపుకు కుర్చీ అడ్డం పెట్టుకుని కూర్చుంటున్న మాటా నిజమే. అందుకే రోయ్స్ పెట్టిన పరీక్షకు ఒప్పుకుంది.

"ఈస్టర్ ఆదివారం భోజనానికి వస్తావుగా వదినా" అన్నాడు రోయ్స్. "నా ముందు పిస్టల్ పట్టుకుని చూపించు. చేతనైందా, నీ ఇంట్లో నువ్వుండు, నేను నోరెత్తను. కాలేదా, సోమవారం ఇల్లు అమ్మకానికి పెడదాం."

పరీక్ష పెట్టినవాడే తుపాకుల కొట్టుకు కూడా తీసుకెళ్లాడు. కొట్టువాడు వెర్నాను ఒకసారి ఎగాదిగా చూసి, అద్దాల పెట్టెలోంచి ఊదా రంగు పిస్టల్ తీశాడు. అరచేతిలో ఇమిడిపోయేంతది.

"ఆడవాళ్లకి ఇది బాగా నచ్చుతుందండీ."

"ఏది, రంగా?" అంది వెర్నా. "కొట్లో రంపం కొనేటప్పుడు మా ఆయన్ని ఎవరూ రంగు అడగలేదే."

పిస్టల్ పైభాగాన్ని, అంటే స్లైడును, వెనక్కి లాగితేనే లోపలికి తూటా వెళ్తుంది. వెర్నా లాగింది. కదల్లేదు. బొటనవేళ్ల మొదట్లో కీళ్లవాతం ఆమెకు, సీసా మూత తీయాలన్నా గుడ్డ చుట్టుకోవాలి. రోయ్స్ దాన్ని తీసుకుని రెండు వేళ్లతో లాగేసి నవ్వాడు. ఆ నవ్వుకే అతనికి ఆ పూట తిండి పెట్టకూడదనుకుంది, కానీ పెట్టింది.

పోనీ రివాల్వర్ అయితే లాగే పనే లేదన్నాడు. తన ఇంటి వెనక పచ్చికలో పాత బట్టలుతికే మిషను ఒకటి నిలబెట్టి, ఈకంత తేలికైన బుల్లి రివాల్వర్ చేతికిచ్చాడు. చిన్న చేతికి చిన్న తుపాకీ అని అక్కడి మగాళ్లందరికీ పుట్టుకతో వచ్చిన నమ్మకం. చిన్నది, తేలికది అయ్యేకొద్దీ అది ఎంత గట్టిగా వెనక్కి తంతుందో వాళ్లకు తెలియక కాదు, వాళ్ల చేతికి తగలదు కాబట్టి. పేలగానే వెర్నా బొటనవేలి పక్క చర్మం లేచిపోయింది. బట్టల మిషను మాత్రం చెక్కు చెదరలేదు.

"కళ్లు మూసుకున్నావ్ వదినా."

"నీ నోరు మూతపడితే నా కళ్లు తెరుచుకుంటాయి."

ఇంటికొచ్చి చేతికి మందు రాసుకుని కాసేపు ఏడ్చింది. మర్నాడు ఇమోజిన్ దగ్గరికెళ్లింది. ఇమోజిన్ డెబ్బై దాటిన మనిషి. అడవిలో దొంగవేటగాళ్లను పట్టే ఉద్యోగం చేసి రిటైరైంది. శనివారాలు అగ్నిమాపక కేంద్రం హాల్లో తుపాకీ నేర్పుతుంది. నేర్పుతుందన్న మాటే గానీ మొదటి శనివారం హాల్లోకి ఒక్క తూటా రానివ్వలేదు. బల్ల చుట్టూ ఆరుగురిని కూర్చోబెట్టి, ఒక ఉత్తి పిస్టల్‌ను చేతి నుంచి చేతికి తిప్పించింది. ఎవరి చేతికి వస్తే వాళ్లు మూతి గోడవైపు పెట్టాలి, వేలు ట్రిగ్గరు బయట ఉంచాలి, ముందు తూటాల మ్యాగజైను ఊడదీయాలి, తర్వాత స్లైడు లాగాలి, లోపల కళ్లతో చూడాలి, వేలు పెట్టి తడమాలి. పైగా ఇదంతా పైకి చెబుతూ చేయాలి. రెండు గంటలు ఇదే తంతు.

మూడో చుట్టుకు వెర్నాకు చిర్రెత్తుకొచ్చింది. "ఇప్పుడేగా పక్కావిడ చూసింది. నా కళ్ల ముందే చూసింది. మళ్లీ నేనెందుకండీ?"

"ఆవిడ చూసింది ఆవిడ కోసం" అంది ఇమోజిన్. "నీ చేతికొచ్చింది కదా, నువ్వు చూడు."

"గ్రేవీలో ఉప్పు కూడా నేనిన్నిసార్లు చూడను."

"ఉప్పెక్కువైతే ఎవరూ చావరమ్మాయ్."

వరస తప్పితే మాత్రం ఆవిడ బల్ల చరిచేది. ముందు మ్యాగజైను, తర్వాతే స్లైడు. తిరగేశామా, స్లైడు లాగగానే లోపలున్న తూటా బయటపడుతుంది, మ్యాగజైనులోంచి ఇంకోటి ఆ చోటికి ఎక్కుతుంది. అప్పుడు మ్యాగజైను తీసేసి, ఒకటి బయటపడటం చూశాం కదా, ఇక ఖాళీ అనుకుంటాం. "నేను అంత్యక్రియలకు వెళ్లిన ఇళ్లన్నిట్లోనూ అది ఖాళీ తుపాకే" అనేది ఇమోజిన్.

నాలుగో శనివారం పెద్ద పిస్టల్ ఒకటి ఇచ్చింది. బరువైనది, నల్లటిది, అందమన్నది లేదు. స్లైడు స్ప్రింగు మాత్రం మెత్తన.

"వేళ్లతో గిల్లితే రాదు. గుండె దగ్గరికి తెచ్చుకో. మూతి ఎదుటి గోడకే ఉండాలి. ఎడమ చేతిని మొత్తం పైన వేసి పట్టుకో, కుడి చేత్తో ముందుకు తొయ్యి. పిండి ముద్దను తోసినట్టు."

ముప్పై ఏళ్లు పిండి తోసిన చేతులవి. స్లైడు కదిలింది. వెర్నాకు ఎంత కోపం వచ్చిందంటే, నెల రోజులుగా తన వేళ్లదే తప్పనుకుని కుమిలినందుకు, అందరినీ పేరుపేరునా తిట్టుకుంది. హాలు వెనక మట్టిగట్టు మీదికి కాల్చినప్పుడు, బరువుండటం వల్ల అది చేతిలో పెద్దగా ఎగరలేదు కూడా. ఏడు గజాల దూరాన టిఫిను పళ్లెమంత కాగితంలో పదికి ఎనిమిది పడ్డాయి. ఆరో శనివారానికి అదే కొంది. దాంతోపాటు వేళ్లతో మీటలు నొక్కితే తెరుచుకునే ఇనుప పెట్టె, పడకగదికి కొత్త తలుపు గడియ, వరండాకు రెండు దీపాలు కొనిపించింది ఇమోజిన్. "దొంగ టీవీ పట్టుకుపోతే పోనీ. నువ్వు గడియేసుకుని ఫోన్ చేసి లోపలే కూర్చో. ఆ తలుపు కూడా పగిలితేనే పెట్టె తెరువు."

ఈస్టర్ రోజు డార్లా గొడ్డుమాంసం వేపుడు, చిక్కుడుకాయలు, ఆవపొడి వేసిన గుడ్లు, కొబ్బరి కేకు చేసింది. అమ్మ ఊరి నుంచి తిరిగొచ్చేదాకా అక్కడే ఉంటున్న డార్లా మనవరాలు టెస్, ఐదేళ్లది, టీవీ కింద కంబళి మీద బోర్లా పడుకుని రంగులు వేసుకుంటోంది. వెర్నా తన ఇనుప పెట్టెను పక్కబల్ల మీద పెట్టింది.

"దాన్ని తర్వాత చూద్దాం. ముందు నా దాంతో" అంటూ రోయ్స్ ఫ్రిజ్ పైనుంచి తన పిస్టల్ తీశాడు. పెట్టె లేదు, తాళం లేదు, అక్కడే రొట్టెల సంచి పక్కన. "నలభై ఐదేళ్లుగా పడుతున్నా వదినా. నీ ఇమోజిన్ డబ్బులు తీసుకుని చెప్పేది నేను ఊరికే చెబుతా, చూడు."

అతని దగ్గరొక గారడీ ఉంది. స్లైడు లాగి, ఎగిరిన తూటాను గాల్లోనే పట్టుకోవడం. పెళ్లిళ్లలో కూడా చేశాడు. మాటల్లో పడి ఇవాళ ముందు అదే చేశాడు. స్లైడు లాగాడు, తూటా పట్టుకున్నాడు, డార్లా చప్పట్లు కొట్టింది. తర్వాత మ్యాగజైను తీసి రొట్టెల బుట్టలో పడేశాడు.

"ఇది ఖాళీదేలే" అన్నాడు. "ఇప్పుడు చూడు, ట్రిగ్గరు ఎంత మెత్తనో."

చేయి టీవీ వైపు తిప్పాడు. టీవీలో వాతావరణం చెప్పేవాడంటే అతనికి పడదు. గడ్డి కోసిన ప్రతిసారీ వాన లేదని చెప్పి తడిపిస్తాడని, ఖాళీ పిస్టల్ గురిపెట్టి వాణ్ని కాల్చినట్టు టిక్కుమనిపించడం రోజూ ఉండేదే.

"రోయ్స్. గోడకు మూతి తిప్పి కింద పెట్టు."

అరవలేదు వెర్నా. బడి భోజనశాలలో మూడొందల మంది చేత స్పూన్లు కింద పెట్టించిన గొంతు అది. అతని చేయి దానంతటదే పక్కనున్న చలిమంట పొయ్యి రాతిగోడ వైపు తిరిగి, పిస్టల్ బల్ల మీద పెట్టేసింది. పెట్టాక మొహం ఎర్రబడింది.

"ఆరు వారాల చదువుకే నాకు పాఠం చెప్తావా? తూటా నా చేతిలో ఉందిగా, నీ కళ్ల ముందే పట్టుకున్నానుగా."

"అక్కా, పండగ పూట ఎందుకే" అంది డార్లా. "ఆయన చూశాడుగా."

"ఆయన చూసింది ఆయన కోసం."

"సరే, నువ్వే చూడు" అన్నాడు రోయ్స్, కుర్చీలో వెనక్కి వాలి. "పరీక్ష నీదేగా. అసలు లాగగలవో లేదో తేలిపోతుంది."

వెర్నా దాన్ని తీసుకుంది. మూతి రాతిగోడకే ఉంచింది, వేలు బయటే ఉంచింది. గుండె దగ్గరికి తెచ్చుకుని తోసింది. ఇత్తడి తూటా ఒకటి ఎగిరి గ్రేవీ గిన్నె అంచుకు తగిలి, గుడ్ల పళ్లెం పక్కన పడింది.

రోయ్స్ తన పిడికిలి విప్పి చూసుకున్నాడు. అరచేతిలో ఒకటి ఉంది. బల్ల మీద ఒకటి ఉంది. టీవీ వైపు చూశాడు, దాని కింద కంబళి వైపు చూశాడు.

టెస్ రంగు పెన్సిలు ఆపి తలెత్తింది. "తాతయ్యా, వాన మామని ఇవాళ కాల్చవా?"

రోయ్స్ లేచి వంటగదిలోకి వెళ్లి నీళ్ల పంపు తిప్పి అక్కడే నిలబడిపోయాడు. వెర్నా లోపల మళ్లీ చూసింది, వేలు పెట్టి తడిమింది, స్లైడు తెరిచే ఉంచి పిస్టల్‌ను బల్ల మీద పెట్టింది. తన పెట్టె తీసుకుని బయటికి నడిచింది. ఇన్నాళ్లూ తనను ఏ ఇంటికి, దేని నుంచి కాపాడటానికి రమ్మన్నారో తలుచుకుంటే నవ్వూ రాలేదు, ఏడుపూ రాలేదు. ఒట్టి చిరాకు వేసింది.

పెట్టెను కారు డిక్కీలో పెట్టి మూత వేసేలోపు డార్లా వచ్చింది. చంకలో టెస్ ఉంది, భుజానికి పిల్ల బట్టల సంచి ఉంది. కళ్లు తుడుచుకోనేలేదు.

"అక్కా, దీని అమ్మ వచ్చేదాకా మేమిద్దరం నీ దగ్గర ఉంటాం."

వెర్నా కారు వెనక తలుపు తెరిచింది. అనాల్సిన మాటలు నాలుకంచుదాకా ఆరేడు వచ్చాయి.

"ఎక్కు. పిల్లకు బెల్టు పెట్టు."

డార్లా పిల్లను వెనక సీట్లో కూర్చోబెట్టి బెల్టు బిగించింది. వెర్నా కారు తాళం తిప్పబోయి ఆగి, దిగి చుట్టూ నడిచి వచ్చి, ఆ బెల్టును తన చేత్తో గట్టిగా లాగి చూసింది.

"నేను పెట్టాగా అక్కా" అంది డార్లా.

"పెట్టావులే" అంది వెర్నా, ఇంకోసారి లాగుతూ.