యాకమ్మ కళ్లకు రంగు

శ్రీలత ఫోన్ పెట్టేసినప్పటి నుంచి యాకమ్మకు అన్నం సహించలేదు.

అంత మాట ఏమన్నదని? "ఆదివారం పొద్దుగాల బడికాడికి రా యాకమ్మా. తయారుగుడేం వద్దు, నువ్వు ఎట్లున్నవో అట్లనే రా. మనల మనకేంది!" అన్నది. పదో తరగతి కలిసి చదివిన వాళ్లంతా పాతికేళ్ల తర్వాత కేసముద్రంలో, అదే బడిలో కలుస్తున్నారు. శ్రీలత అప్పుడు క్లాస్ లీడరు, ఇప్పుడు హనుమకొండలో బ్యాంకు మేనేజరు. పాపం, ప్రేమగానే అన్నది. అదే వచ్చిన చిక్కు. తిడితే తిరిగి తిట్టొచ్చు, ప్రేమగా అంటే ఏం చేస్తారు?

"ఎట్లున్నవో అట్ల అంటే ఏంది? నేనెట్లున్ననట?" అని యాకమ్మ మొగుడు రాములు మీద పడింది.

"మంచిగనే ఉన్నవు తియ్" అన్నాడు రాములు, టీవీ మీంచి చూపు తిప్పకుండా. ఆ జవాబుతో ఆమెకు ఇంకా ఒళ్లు మండింది.

చీర గురించి బెంగ లేదు. పెట్టెలో మంచిదే ఉంది. తాను బడిలో అడుగు పెట్టగానే అందరి మొహాల్లోకి "అయ్యో పాపం" అనే ఒక చూపు వస్తుందే, అది రాకూడదు. లెక్కల్లో శ్రీలత కన్నా యాకమ్మకే ఎక్కువ మార్కులు వచ్చేవి. అలాంటి యాకమ్మ ఇప్పుడు మిర్చి కల్లాల్లో ఎర్రకాయల్లోంచి తెల్లబడిన తాలు కాయలు ఏరుతున్నదని ఎవరూ జాలి పడకూడదు. జీవితమంతా అక్కర్లేదు, ఆ ఒక్క పూట చాలు.

అలా ఆలోచిస్తున్నప్పుడే బిడ్డ శాంతి మొన్న హాస్టల్‌కు పోతూ మరిచిపోయిన డబ్బా కంటబడింది. కంటి రెప్పల మీద వేసుకునే రంగులు. ఐషాడో అంటారట. మూత తీస్తే లోపల వంకాయ రంగు, ఇటుక రంగు, అచ్చం తాలు కాయలాంటి వెలిసిన రంగు, ఇంకా పేరు తెలియనివి ఎన్నో. ఇన్ని రంగులు పెట్టుకునే చోటు తన మొహంలో ఎక్కడుందో యాకమ్మకు అర్థం కాలేదు. అయినా పట్టుదల పట్టుదలే.

ఆదివారం తెల్లవారుతూనే కల్లానికి పోయి, పరదాలు తీసి, మిరపకాయలు ఎండకు పరిచి వచ్చింది. సబ్బుతో రెండుసార్లు చేతులు కడిగింది. చీర కట్టింది. అద్దం గోడకు, ఫోన్ బియ్యం డబ్బాకు ఆనించి వీడియో పెట్టింది. అందులో ఒక చక్కని పిల్ల, "ఫ్రెండ్స్, బ్రష్ లేదా? కంగారు పడకండి. ఉంగరం వేలితో సుతారంగా అద్దేయండి" అంటున్నది. బ్రష్ లేనే లేదు. దాన్ని మాత్రం శాంతి మరిచిపోకుండా పట్టుకుపోయింది.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. కల్లంలోకి కొత్తగా వచ్చిన కూలీలకు యాకమ్మ ఏళ్ల తరబడి చెప్పే మొదటి మాట, "చేతులు కండ్లకు తాకనియ్యకుండ్రి, సబ్బుకు పోయే ఘాటు గాదు." చెమట తుడవాలంటే మోచెయ్యే. మిర్చి పనులు నడిచినన్నాళ్లూ శాంతికి చిన్నప్పుడు కాటుక పెట్టింది కూడా రాములే, అదీ వంకరటింకరగా. అంత జాగ్రత్త గల మనిషి. కాకపోతే ఇది పని కాదు, సోకు. పనిలో గుర్తుండే మాట సోకులో గుర్తుకు రాలేదు.

ఉంగరం వేలితో ఒక రెప్పకు వంకాయ రంగు అద్దింది. బాగానే ఉంది. రెండో రెప్పకు ఇటుక రంగు వేసి ఏది నప్పుతుందో చూసుకుందాం అనుకుంది. చూసుకునే భాగ్యం లేకపోయింది.

"ఓ అవ్వో! సచ్చిన్నే!"

రాములు పరుగెత్తుకొచ్చి గుమ్మంలోనే ఆగిపోయాడు. రెండు కళ్లకు రెండు రంగులు, రెండూ కలిసి ముక్కు దాకా కారుతున్నాయి.

"ఏందే గిది? చూసినోళ్లు నేను కొట్టిన్నంటరు గదనే!"

"గీ డబ్బా ఖరాబైంది! ఏం మందు కలిపిండ్రో!" అంటూ యాకమ్మ దోసిలితో నీళ్లు కళ్లలో కొట్టుకుంది. కొట్టుకున్న కొద్దీ మంట పెరుగుతున్నది.

"ముందుగాల ఆ చేతులు తియ్యే! మిర్చి చేతులవి!"

యాకమ్మ చేతులు దించింది. తాను ఊరందరికీ చెప్పే మాట మొగుడి నోట వినాల్సి వచ్చింది. అది కంటి మంట కన్నా ఎక్కువ మండింది.

రాములు చెంబుతో నీళ్లు పోస్తుండగానే బయట ఆటో హారన్ కొట్టింది. "పోకుంటే ఏమైతదే?" అన్నాడతను మెల్లగా.

"మొఖం చెల్లక రాలేదంటరు" అని, ఉబ్బిన కళ్లతోనే ఎక్కి కూర్చుంది.

బడిలో ఒక్కొక్కరు మైకు ముందుకొచ్చి తమ గురించి చెప్తున్నారు. యాకమ్మ వంతు వచ్చేసరికి కళ్ల వెంట ధారలు, చెంపల మీద వంకాయ రంగు చారలు. నోరు తెరవకముందే ఎవరో, "చూడుండ్రి, మనల్ని చూసి ఎట్ల ఏడుస్తున్నదో!" అన్నారు. లెక్కలు చెప్పిన సాంబయ్య సారు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. యాకమ్మ భయపడ్డ ఆ చూపు వరుసలు వరుసలుగా రానే వచ్చింది. ఆమెకు నిజంగానే ఏడుపొచ్చింది.

శ్రీలత ఊరుకుంటుందా? గబగబా వచ్చి యాకమ్మ రెండు చేతులూ పట్టుకుంది.

"శ్రీలతా, చేతులు ఇడిసిపెట్టు" అన్నది యాకమ్మ.

"ఎందుకే సిగ్గు?"

"సిగ్గు గాదే, నా చేతులు..."

"గరుకుంటే ఏమాయె! కష్టం చేసిన చేతులివి!" అని మైకులో వినబడేలా చెప్పి, ఆ అరచేతులను తన వేళ్లతో మళ్లీ మళ్లీ నిమిరింది. అందరూ చప్పట్లు కొట్టారు. మేనేజరమ్మకు తన మాటకు తనకే కన్నీళ్లొచ్చాయి. కాటుక చెదరకుండా, సుతారంగా, ఉంగరం వేలితో కళ్లు రెండూ అద్దుకుంది.

ఆ తర్వాత మైకులో వినబడిన శ్రీలత కేక రైల్వే స్టేషన్ దాకా పోయి ఉంటుంది.

"చేతులు మంచిగున్నోళ్లు ఎవరన్న నీళ్లు పొయ్యిండ్రి! నువ్వు మాత్రం తాకకే!" అని యాకమ్మ కల్లంలో అరిచినట్టే అరిచింది. సాంబయ్య సారు బకెట్ తెచ్చి మగ్గుతో నీళ్లు పోశాడు. చుట్టూ మూగిన వాళ్లంతా "అయ్యో పాపం" అంటున్నారు. శ్రీలతను చూసి అంటున్నారు. యాకమ్మ కళ్లు ఇంకా మండుతూనే ఉన్నాయి కానీ, కడుపు మాత్రం చల్లబడింది.

కాటుకంతా గడ్డం దాకా కారిన శ్రీలత అతికష్టం మీద ఒక కన్ను తెరిచింది. "ఏం పూసుకొని వచ్చినవే చేతులకు?"

"ఏం పూసుకోలే" అన్నది యాకమ్మ. "నువ్వే అన్నవు గద. ఎట్లున్ననో అట్లనే వచ్చిన."