సున్నం లేకుండా నిలిచిన రాయి

"బావా, పోటు!" అని బండ అంచు నుంచి బావమరిది కేకేశాడు. ముప్పయ్యేళ్లుగా సుత్తి మోతకు అరిగిపోయిన మేస్త్రి చెవిలో అది "బోటు" అని పడింది. కొత్త సున్నం తెచ్చే బోటు కోసమే బండ ఎక్కినప్పటినుంచీ కళ్లు కాయలు కాచేలా చూస్తున్నాడేమో, తడిసి ముద్దయిన పాత సున్నాన్ని అక్కడికక్కడే కూలీల చేత నీళ్లలో పారబోయించాడు. తీరా చూస్తే బోటూ లేదు, గీటూ లేదు. సముద్రమే మెట్లెక్కి వస్తోంది.

నడిసముద్రంలో నీళ్ల కింద నక్కి, ఎన్ని ఓడల పొట్టలు చీల్చిందో లెక్కలేని బండ అది. దాని మీద దీపస్తంభం కట్టాలి. ఆటుకు నీళ్లు దిగి బండ తేలే రెండు గంటలే పని. రెండేళ్లుగా, మొదటి వరస పూర్తికాకముందే తుఫాను వచ్చి రాళ్లను పేకముక్కల్లా ఊడ్చుకుపోతోంది. ఈసారీ పోతే పని ఆపేస్తామని పైవాళ్లు తేల్చేశారు. ఇప్పుడు వరసలో ఆఖరి రాయి కప్పీ గొలుసుకు వేలాడుతోంది. అలాగే వదిలేస్తే అల దాన్ని ఊపి మిగతావాటిని పిండి చేస్తుంది. దించుదామంటే సున్నం లేదు.

ఒకదాని నాలుక ఇంకొకదాని నోట్లో కూర్చునేలా ప్రతి రాయినీ మేస్త్రే చెక్కాడు. ఒడ్డున పేర్చి, సరిచూసి, విప్పి తెచ్చాడు. నాలుక ఉన్నవాళ్లంతా మాట మీద నిలబడతారా అని బావమరిది అప్పుడే ఎద్దేవా చేశాడు.

"దించండి" అన్నాడు మేస్త్రి.

గోరు కూడా పట్టని సందులోకి రాయి జారి కూర్చుంది. అందరూ కప్పీ స్తంభానికి తాళ్లతో కట్టుకున్నారు. అల లేచింది. సగం ఆకాశం మూసుకుపోయింది. నీళ్లలో ఊపిరి బిగబట్టిన మేస్త్రి అరచెయ్యి రాయి మీదే ఉంది. ఆ దెబ్బ ఒక్క రాయితో ఆగలేదు; పక్కదానికి, దాని పక్కదానికి పాకి, వరసంతా చుట్టి, బండలోకి దిగి, ఎక్కడో పాతాళంలో సద్దుమణిగింది. తను చెక్కినవి డెబ్బై రాళ్లు. చేతికింద ఉన్నది ఒకటే రాయి. తన పనే మేస్త్రికి కొత్తగా తోచింది.

నాలుగో అల తర్వాత బోటు నిజంగానే వచ్చింది. సున్నం లేకుండా రాయి ఎవరు దించమన్నారని అందులో వచ్చిన ఇంజనీరు నిలదీస్తుండగానే వెనక నురుగు చీలి వరస బయటపడింది. ఒక్క రాయీ కదల్లేదు. రెండో వరస రాళ్లు ఎప్పటికి సిద్ధమవుతాయని ఆయన మెల్లిగా అడిగాడు.

మేస్త్రి నడుముకున్న తాడు ముడి విప్పుకుంటున్నాడు. బోటులో వాళ్లందరికీ బావమరిదే విప్పి చెప్పాడు. "నేను పోటన్నాను సార్. మా బావ బోటనుకుని సున్నం పారబోయించాడు. ఆ రాళ్లు పట్టు వదిలుంటే మేమంతా సున్నా."