మచ్చా, మరకా?

నరసరావుపేటలో సుబ్బరామయ్య బట్టల కొట్టుకు మైకు అక్కర్లేదు, ఆయన నోరుంది. గుడ్డల తాను విప్పేది గుమాస్తా అయినా మాట్లాడేది మాత్రం తానే.

ఆ పొద్దున ముప్పాళ్ళ నుంచి రాజమ్మ, కూతురు షెర్లీ వచ్చి, ఆయన దగ్గర కొన్న తెల్ల పెళ్ళిచీర బల్ల మీద పరిచారు. రేపే చర్చిలో పెళ్ళి. కొంగు చివర కందిపప్పు బద్దంత పసుప్పచ్చ చుక్క!

“మచ్చున్న చీరిచ్చావేందన్నా? మార్చు.”

“మచ్చ కాదు చెల్లెమ్మా, మరక!” సుబ్బరామయ్య మాట వీధి చివర వినపడింది. “మచ్చ నేతలో వస్తది, నా పూచీ. మరక మేతలో వస్తది, మీ పూచీ. మా తాతనాటి రూలు.”

“మేతేంది? మేమేమన్నా గేదెలమా? ఫాల్ కుట్టిద్దామని ఇయ్యాలే కవర్లోంచి తీశాం.”

అలాంటి చీర కొట్టులో ఇంకోటి లేదు. షెర్లీ కళ్ళలో నీళ్ళు తిరిగాయి.  అయినా రూలు రూలే. సుబ్బరామయ్య తడివేలితో సబ్బు రుద్దాడు. చుక్క ఎర్రబడింది.

“చూశావా, పసుపు! నేతగాడు మగ్గం మీద పులుసు కాస్తాడా?”

ఆ కేకకు మేడ మీది ఇంట్లోంచి ఆయన భార్య సరస్వతి దిగొచ్చింది. చీర చూసి నాలుక కరుచుకుంది.

“అది నేను పెట్టిందేనండీ. కొత్తబట్టకు పసుపు పెట్టకుండా పెళ్ళికూతురికి ఎట్టా ఇస్తాం? చేతి అలవాటు. చర్చి పెళ్ళని, తెల్లచీరని తోచనే లేదు.”

కొట్టువాళ్ళే చేసిన మరక సంగతి తాత రూల్లో లేదు. 

“ఇప్పుడిది ఎవరి మేతన్నా?” అంది రాజమ్మ.

“మేత కాదమ్మా, అంతా నా మోత!”

సుబ్బరామయ్య చీర పట్టుకుని మేడెక్కాడు. సబ్బు పోయేదాకా కొంగు జాడించాడు. పసుపు దేనికీ లొంగకపోయినా ఎండకు లొంగుతుంది. తీగ మీదేస్తే దుమ్ము పడుతుందని తానే చేతుల మీద పట్టుకుని నిలబడ్డాడు. కింద సరస్వతి తల్లీకూతుళ్ళకు అన్నం పెడుతుంటే పైనుంచి అరుపులు: “సగం పోయింది!... ముప్పావు పోయింది!”

మూడు గంటలకు షెర్లీ మేడెక్కి, కొంగును వెలుతురుకు పెట్టి, అటు తిప్పి ఇటు తిప్పి చూసింది.

“ఏదీ, ఎక్కడుందో కూడా తెలవట్లేదు బాబాయ్!” అని నవ్వింది.

“మరి ఫాల్ ఎప్పుడు కుట్టించేది?” వెనకే వచ్చిన రాజమ్మ కంగారుపడింది.

సుబ్బరామయ్య పిట్టగోడ మీదికి వంగి, ఎదురింట్లో మిషను కుట్టే హజ్రా బీని పిలిచాడు.

“బీబీ! చేతిలో పని పక్కన పెట్టు. పెళ్ళికూతురొస్తాంది!”