బట్టల స్తంభానికి కట్టిన గ్రీన్‌హౌస్

డోవెల్స్ పాయింట్‌లో ఎవరైనా పుడితే చర్చి పుస్తకంలో రాస్తారు, పోతే రాయి మీద చెక్కుతారు. ఈ రెంటికీ మధ్య ఆ మనిషి ఊరివాడా కాదా అన్నది తేల్చేది మాత్రం టమాటా. అక్టోబరు చివర హోబార్ట్‌లో వ్యవసాయ ప్రదర్శన జరిగే సెలవు రోజున నారు నాటాలి. క్రిస్మస్ మధ్యాహ్నం భోజనాల బల్ల మీద మొక్కనే పండిన కాయ ఒక్కటంటే ఒక్కటి కోసి పెట్టాలి. పచ్చికాయ కోసి కిటికీలో మగ్గబెడితే లెక్కకు రాదు. ఎండాకాలమైన డిసెంబరులో కూడా కొండల మీద మంచు పడే టాస్మేనియాలో ఇదేమంత తేలికైన పని కాదు. చేసి చూపించినవాళ్లు మనవాళ్లు, చేయలేనివాళ్లు చుట్టపుచూపుగా వచ్చినవాళ్లు.

డెలీస్ అలా చుట్టపుచూపుగా ఉండబట్టి పంతొమ్మిదేళ్లయింది.

పోనీ ఆమెదేమైనా టమాటా ఎరగని ఊరా అంటే, పుట్టింది క్వీన్స్‌లాండ్‌లోని బండబర్గ్‌లో. అక్కడ టమాటాలు లారీలకెత్తుతారు. కంచె పక్కన ఎవరో ఉమ్మేసిన గింజ కూడా మొలిచి, అడగకుండానే కాసి చస్తుంది. ఆ ఊరి చెరకు మిల్లులో పని కోసం వచ్చిన కెల్విన్‌ను చేసుకుని, వాడి వెనకాలే ఈ చలిలోకి వచ్చి పడింది డెలీస్. బడి క్యాంటీన్‌లో వంట చేస్తూ ఊరి పిల్లలందరినీ తన చేతి వంటతో పెంచింది. ఆ పిల్లలు మీసాలొచ్చాక కూడా ఆమెను "క్వీన్స్‌లాండ్ ఆవిడ" అనే అంటారు. బయటికి నవ్వేసేది గానీ, ఆ మాట విన్న ప్రతిసారీ ఆమెకు చిన్నతనంగా ఉండేది.

అన్నిటికన్నా పెద్ద బాధ పక్కింటి నెవిల్ డిరీన్. నెవిల్‌కు అద్దాల గ్రీన్‌హౌస్ ఉంది. క్రిస్మస్ భోజనం రెండిళ్లవాళ్లకూ వాళ్లింట్లోనే. తొంభై ఏళ్ల తల్లి ఇర్మా పెద్ద కుర్చీలో కూర్చుని ఆ ఏటి టమాటాను రుచి చూసి తీర్పు చెప్పాక గానీ ఎవరూ చెంచా ముట్టకూడదు. నెవిల్ ఒక ముక్క సాసర్‌లో పెట్టి డెలీస్ ముందుకు తోసేవాడు.

"తిను డెల్, మొహమాటపడకు. మీవైపు దొరకవనుకుంటా పాపం!"

ఈ ఏడు ఆ సాసర్ తన చేతుల్లోంచి వెళ్లాల్సిందేనని డెలీస్ ఒట్టు పెట్టుకుంది. అద్దాలది కొనే స్తోమత లేదు. పాలీకార్బనేట్ పలకల కిట్టు ధర వినగానే కెల్విన్‌కు నడుం నొప్పి వచ్చింది. ఊరి చెత్తకుప్ప పక్కన పాత సామాన్ల దుకాణంలో కిటికీలు చవగ్గా దొరుకుతాయి, వాటితో కట్టుకుందామన్నాడు. కెల్విన్ కట్టిన కోళ్లగూడు ఇప్పటికీ కోళ్ల మీదే ఆనుకుని నిలబడి ఉంది కాబట్టి ఆ మాట అక్కడే ఆగిపోయింది. చివరికి అన్నిటికన్నా చవకది, సన్నటి ఇనుప గొట్టాల చట్రం మీద గళ్ల ప్లాస్టిక్ తొడిగి, ముందు జిప్పు తలుపు పెట్టినది, తెచ్చుకున్నారు.

నెవిల్ కంచె మీద మోచేతులు ఆనించి చూశాడు. "గ్రీన్‌హౌసా ఇది? మీ చుట్టాలెవరో డేరా వేసుకున్నారనుకున్నానే."

"నీ పని నువ్వు చూసుకో."

"సరేలే. మా గాలికి ఇది ఎక్కడ దిగుతుందో ముందే చెప్పు, వెళ్లి పట్టుకొస్తా."

పాపం, డెలీస్ తెలివి తక్కువది కాదు. పాల సీసాలకు నల్ల రంగు పూసి, నీళ్లు నింపి లోపల వరసగా పేర్చింది. పగలు కాగిన నీళ్లు రాత్రంతా వెచ్చదనాన్ని వదులుతూ ఉంటాయి. మొక్కలు కుండీల్లో పెట్టకుండా నేలలోనే నాటింది, వేళ్లు లోతుకు పోతాయని. కానీ చలంటే చచ్చేంత భయమున్న మనిషి కదా, జిప్పు మాత్రం తెరిచేది కాదు. కెల్విన్ తల దూర్చబోతే "వెచ్చదనం పోతుంది, తలుపు!" అని అరిచేది. నవంబరులో మొక్కలు ఏపుగా పెరిగి పూశాయి. పూసిన పువ్వు పూసినట్టే రాలిపోయింది.

డెలీస్ ఆ రాలిన పువ్వుల్ని అరచేతిలో వేసుకుని ఒక్కొక్కటీ తిప్పి చూసింది. బండబర్గ్‌లో సముద్రపు గాలి మొక్కల్ని ఊపేది, పుప్పొడి దానంతటది రాలేది. ఈ ప్లాస్టిక్ లోపల గాలి లేదు, తుమ్మెద రాదు, తనే అన్ని దారులూ మూసేసింది. ఆ రోజు నుంచి మధ్యాహ్నాలు జిప్పు తెరిచింది. తుమ్మెదల మీద నమ్మకం చాలక వేలితో పువ్వుల్ని తట్టడం మొదలుపెట్టింది. వేలు నొప్పి పుట్టాక, స్నానాల గదిలో బర్రుమని తిరిగే బ్యాటరీ పళ్ల బ్రష్ గుర్తొచ్చింది. అది కెల్విన్‌ది.

వారం తిరక్కుండా కెల్విన్ అడిగాడు. "డెల్, నా బ్రష్ మీద ఈ పసుప్పచ్చ పొడేంటి?"

"కొత్త పేస్టు."

"ఆకు వాసనొస్తోంది."

"మూలికలు వేశారంట."

మర్నాడు జిప్పులోంచి బర్రుమని చప్పుడొస్తుంటే కెల్విన్ తొంగి చూశాడు. పెళ్లాం ఒక్కో పువ్వు కిందా తన బ్రష్ పెట్టి, చంటిపిల్లకు పాలు పట్టినంత జాగ్రత్తగా ఆడిస్తోంది.

"నా బ్రష్!"

"అరవకు. నీ నోట్లోవి ఎలాగూ ఊడేవే. ఇవి కాసేవి."

నిజంగానే కాశాయి. అందులో ఒకటి మిగతావాటిని వెనక్కి నెట్టి పెద్దదయింది. డిసెంబరు నడిమికి దాని బుగ్గ మీద లేత నారింజ రంగు తిరిగింది. డెలీస్ పొద్దున లేవగానే దాని దగ్గరికి, క్యాంటీన్ నుంచి రాగానే దాని దగ్గరికి. కెల్విన్ తన కాఫీ తనే పెట్టుకోవడం నేర్చుకున్నాడు.

ఇంకో మూడు రోజుల్లో క్రిస్మస్ అనగా పడమటి నుంచి పెనుగాలి వస్తోందని రేడియో చెప్పింది.

"కోసేద్దాం, కిటికీలో పెడదాం," అన్నాడు కెల్విన్.

"కిటికీలో పండిందని ఆ ముసలావిడ కనిపెట్టేస్తుంది. నేను మళ్లీ క్వీన్స్‌లాండ్ ఆవిణ్నే అవుతా. మావైపు తుఫానొస్తే పడవల్నీ గూళ్లనీ కదలనిదానికి కట్టేస్తాం. మన పెరట్లో కదలనిదేదో చెప్పు."

ఇద్దరూ పెరడంతా కలయజూశారు. కంచె పుచ్చిపోయింది. షెడ్డు వాలిపోయింది. నికరంగా నిలబడి ఉన్నది ఒక్కటే, గ్రీన్‌హౌస్ పక్కనున్న బట్టల స్తంభం. కెల్విన్ వాళ్ల నాన్న సిమెంటులో పాతిన ఇనుప స్తంభం, పైన నాలుగు దిక్కులకూ చాచిన చేతులు, చేతుల మధ్య తీగలు. ఏనుగును కట్టినా ఊడి రాదు. గ్రీన్‌హౌస్ నాలుగు మూలల నుంచీ నాలుగు తాళ్లు తీసి ఆ నాలుగు చేతులకూ బిగించి కట్టారు. డెలీస్ లాగి చూసి, "ఇక రమ్మను," అంది.

వచ్చింది. మధ్యాహ్నం భోజనాలవేళ నది మీద నుంచి వచ్చి తాకింది. స్తంభం ఇసుమంత కూడా కదల్లేదు. కాకపోతే దాని చేతులున్నది గాలికి గిర్రున తిరిగి బట్టలు ఆరబెట్టడానికేనన్న సంగతి పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ అలాంటి స్తంభాల మీదే బట్టలారేసుకున్న ఆ ఇద్దరికీ ఆ క్షణం దాకా తట్టలేదు.

చేతులు కదిలాయి. తాళ్లు బిగిశాయి. గ్రీన్‌హౌస్ నేలను వదిలి, మొక్కల్ని ఉన్నచోటే ఉంచేసి, జాతరలో రంగులరాట్నం గుర్రంలా గాల్లో తిరగడం మొదలుపెట్టింది. తీగల మీద మర్చిపోయిన కెల్విన్ చెడ్డీలు రెండు దాని వెనకాలే తిరిగాయి. పట్టుకోబోయిన కెల్విన్‌ను ఒక చుట్టులో తోసేసి, లేచేసరికి రెండో చుట్టులో మళ్లీ తోసేసింది.

"దాన్నొదిలెయ్! కాయ! కాయ!" అంటూ డెలీస్ వర్షపు కోటు పరిచి మొక్క మీద గొడుగులా మోకాళ్ల మీద వంగింది. ఎంత కప్పినా కొమ్మ అల్లాడిపోతోంది. ఇన్నేళ్లలో ఇంత దగ్గరికొచ్చి ఇలా పోతుందా అని ఆమెకు ఏడుపొచ్చింది. ఎవరికీ వినపడదు కదా అని గట్టిగానే ఏడ్చింది.

అప్పుడు కంచె ఫెళఫెళమంది. పలకల్ని విరుచుకుంటూ నెవిల్ తెల్ల ట్రక్కు పెరట్లోకి వచ్చి, లెట్యూస్ మడిని తొక్కుకుంటూ, గాలికి అడ్డంగా మొక్క పక్కన ఆగింది. గాలి తెగినట్టు కొమ్మ నిలబడిపోయింది.

"నెవిల్! కంచె!" అరిచాడు కింద నుంచి కెల్విన్.

"కంచె నాది! నా ఇష్టం, విరగ్గొట్టుకుంటా! నువ్వు తలొంచుకోరా వెధవా, మళ్లీ వస్తోంది!"

ఇంకో చుట్టుకు తాళ్లు తెగాయి. గ్రీన్‌హౌస్ ఇంటికప్పు దాటి నది వైపు వెళ్లిపోయింది. చప్పుడుకు పరిగెత్తుకొచ్చిన వీధివాళ్లంతా అది కనపడినంతసేపూ తలెత్తి చూశారు. నెవిల్ టోపీ తీశాడు. వెక్కిరించడానికని డెలీస్ అనుకుంది.

"నా మొదటిదీ ప్లాస్టిక్‌దే డెల్," అన్నాడు నెవిల్. "పడవల రేవులో దొరికింది. లోపల ఓ బాతు కాపురం పెట్టేసింది."

"మాది బడి కప్పు మీద దొరికింది," అన్నాడు ఎదురింటాయన.

"మాదింకా దొరకలేదు," అంది పోస్టాఫీసావిడ.

డెలీస్ బురద చేతులతో ముఖం తుడుచుకుంది. "ఇన్నేళ్లలో ఒక్కరైనా చెప్పి చచ్చారా నాకు?"

"పోగొట్టుకోనివాళ్లకి ఎలా చెప్తామమ్మా, సిగ్గు కాదూ?" అంది పోస్టాఫీసావిడ, అందరూ తలలూపారు.

ట్రక్కు కదిలించడానికి వీల్లేదని డెలీస్ అంది. నెవిల్ సణుక్కుంటూ పనికి సైకిల్ మీద వెళ్లాడు. గాలి పోయాక ఎండ కాసింది. ట్రక్కు తెల్ల తలుపు మీద పడ్డ ఎండ తిరిగి కాయ మీద పడింది. క్రిస్మస్ పొద్దున చూస్తే కాయ ఎర్రగా ఉంది. తొడిమ దగ్గర కాస్త పచ్చదనం మిగిలింది గానీ, అది మొక్కనే పండిన పండు.

మధ్యాహ్నం డిరీన్ వాళ్ల భోజనాల బల్ల మీద, హామ్ పక్కన, రెండు సాసర్లు చేరాయి. ఒకటి నెవిల్‌ది, ఒకటి డెలీస్‌ది. ఇర్మా పెద్ద కుర్చీలో సర్దుకుని కూర్చుంది. ఏది ఎవరిదో తనకు చెప్పొద్దంది, తీర్పంటే తీర్పేనంది. ఒక ముక్క ఉప్పు అద్దుకుని నమిలింది. మంచినీళ్లు తాగి రెండో ముక్క నమిలింది. మళ్లీ మొదటి సాసర్‌కే వచ్చింది. డెలీస్ బల్ల కింద కెల్విన్ చెయ్యి పట్టుకుంది. కెల్విన్ నొప్పికి పళ్లు బిగబట్టాడు.

"రెండూ ఒకటే పులుపు," అంది ఇర్మా కళ్లు చిట్లించి. "ఏది ఏ పెరటిదో నాకేం తెలియట్లేదు."

నెవిల్‌కు పౌరుషం పొడుచుకొచ్చింది. "అదేంటమ్మా! ఇన్నేళ్లు తిన్నావు, మన పెరటి కాయ ఎలా ఉంటుందో నీకు తెలీదూ?"

"తెలీకేం రా," అంది ఇర్మా, రెండు సాసర్లూ దగ్గరికి లాక్కుంటూ. "ఇదిగో, ఇలాగే ఉంటుంది."

డెలీస్ తన ముక్క నోట్లో వేసుకుంది. దవడలు జివ్వుమన్నాయి, ఒక కన్ను దానంతటదే మూసుకుపోయింది. బండబర్గ్‌లో ఇంత పుల్లటిది కోళ్లకు కూడా వేసేవాళ్లు కాదు. ఆమెకు పట్టరాని సంతోషం వేసింది, కళ్లు తుడుచుకుని ఉప్పు ఇలా అందుకోమంది నెవిల్‌ను.