తూకం ఒప్పుకోలేదట!

నేను ఒక తూకం యంత్రాన్ని. పైన ఉక్కుపలక, దాని కింద నాలుగు లోహపు దిమ్మెలు, భారం పడినప్పుడు అవి వంగే వెంట్రుకవాసి వంపును అంకెగా మార్చే చిన్న విద్యుత్ వలయం. ఇంతే నా శరీరం. నాలో మహిమ ఏదీ లేదు. నన్ను తయారుచేసినవారు సరిచూసిన తూనికరాళ్లు పెట్టి పరీక్షించి, ముద్ర వేసి పంపారు. ఆ ముద్రే నా పరువు.

నన్ను కొన్నది పిచ్చుక ఎయిర్‌లైన్స్ అనే చౌక విమానాల సంస్థ. రాయలసీమలోని ఒక చిన్న ఊరికీ హైదరాబాదుకూ మధ్య దాని పంతొమ్మిది సీట్ల విమానం తిరిగేది. అంత చిన్న విమానానికి సామాన్లనే కాక మనుషుల్నీ తూచాలి. మానవజాతితో నా పరిచయం అలా మొదలైంది. ఒక కాలు నేల మీదే ఉంచేవారు కొందరు. బల్ల పట్టుకుని వేలాడేవారు కొందరు. దిష్టి తగులుతుందని అంకెకు చెయ్యి అడ్డుపెట్టేవారూ ఉన్నారు. గురుత్వాకర్షణ మొహమాటాలను లెక్కచేయదని చెప్పడానికి నాకు నోరు లేకపోయింది.

మే నెలలో ఒక ఉదయం కుళ్లాయమ్మ వచ్చింది. ఎవరూ చెప్పకుండానే చెప్పులు విప్పి, సంచి పక్కన పెట్టి, సరిగ్గా నా నడిమధ్య కదలకుండా నిలబడింది. వారానికి మూడుసార్లు డయాలిసిస్‌కు ముందూ వెనకా తూగే మనిషి మరి. తూకం అంటే ఏమిటో తెలిసిన మనిషిని నేను మొదటిసారి చూశాను.

"నలభై మూడున్నర" అని తానే చదివింది. "అందులో రెండు కిలోలు ఒంట్లో నిలిచిన నీళ్లే పాపా. కిడ్నీ వచ్చిందని ఆస్పత్రోళ్లు ఫోన్ చేసినారు. ఒంటిగంటకంతా ఆడుండల్లంట. లేకుంటే తర్వాతోళ్లకు పెట్టేస్తారంట."

"ఏం భయపడాకమ్మా, పన్నెండుకే దిగుతావు" అంది కౌంటరులోని నస్రీన్. అప్పటికి పది దాటింది. రోడ్డు మీద పోతే ఏడు గంటల ప్రయాణం.

ఆ వెనకే స్థానిక నాయకుడి బావమరిది నాగముని వచ్చాడు. "ఏమప్పా, నన్ను వడ్లమూట అనుకుంటివా?" అని నవ్వుతూ ఒంటికాలితో నా మీద నిలిచాడు. నస్రీన్ రెండో కాలూ పెట్టించింది. అతని వెంట నాలుగు పెట్టెల బంగినపల్లి మామిడిపళ్లు. నలభై నాలుగు కిలోలు.

అందరూ లోపల కూర్చున్నాక పైలట్ కబురు పంపాడు. ఎండకు గాలి పలచబడింది, రన్‌వే పొట్టిది, నలభై కిలోలు దించితేనే విమానం లేస్తుందని. ఆ మాట సత్యం. భౌతికశాస్త్రానికి బంధువులు లేరు.

మేనేజరు ప్రసన్నకుమార్‌కు మాత్రం ఉన్నారు. కుళ్లాయమ్మను దింపి నా ముందుకు తీసుకొచ్చాడు. మళ్లీ తూచడానికేమో అనుకుని ఆమె చెప్పులు విప్పింది.

"సార్, పండ్లు దించితే సాలు గదా! రేపు పంపిద్దాం" అంది నస్రీన్.

"అవి ఎవరింటికి పోతాండాయో తెలుసునా నీకు? ఊరికుండు." తరవాత గొంతు మెత్తబరచుకుని కుళ్లాయమ్మ వైపు తిరిగాడు. "నేనేం చేసేదమ్మా? తూకం ఒప్పుకోలే. మిషన్ చెప్పినాక మనమేం మాట్లాడేది?"

అబద్ధం! నేను చెప్పింది ఎంత అన్నది మాత్రమే. ఎవరు అన్నది నేను చెప్పలేదు. ఆ ఎంపిక అతనిది. దాన్ని నా అంకె చాటున దాచుకున్నాడు. దేవుడు చేశాడనడం పాతబడ్డాక, మనుషులకు ఇప్పుడు యంత్రం దొరికింది.

"నాకంటే తక్కువ తూగినోళ్లు ఎవురున్నారు సామీ? నన్నెందుకు దింపుతారు?" అని కుళ్లాయమ్మ అడిగింది. ఆ హాలులో అంతటి శాస్త్రీయమైన ప్రశ్న మరొకటి వినలేదు.

నాగముని సీట్లోంచి లేచొచ్చి విమానం మెట్ల దగ్గర నుంచి కేకేశాడు. "టికెట్ దుడ్లు వాపసు ఇచ్చేయప్పా, పాపం!"

"కిడ్నీ బదులు నీ మామిడిపండు పెట్టించుకోమంటావా సార్ ఆయమ్మను?" అంది నస్రీన్. ఆ ఒక్క మాటకు వారంలో ఆమె ఉద్యోగం పోయింది.

విమానం లేచింది. కుళ్లాయమ్మ ఆస్పత్రికి ఫోన్ చేసింది. "నేను రాలేను సామీ. నాకోసం చూడాకండి. తర్వాతోళ్లకు పెట్టేయండి, చెడిపోతాది." ఏడవలేదు. చెప్పులు వెతుక్కుని వేసుకుంది.

నస్రీన్ పైఅధికారులకు జరిగింది జరిగినట్టు రాసింది. మేనేజరు 'తూకం యంత్రంలో సాంకేతిక లోపం' అని రాశాడు. తూనికల శాఖ మనిషి వచ్చి రాళ్లు పెట్టి చూసి, దోషం లేదని కాగితం ఇచ్చాడు. ఆ కాగితాన్ని పక్కన పడేసి, నన్ను పాత ఇనుము కొట్టుకు పంపారు. మేనేజరుకు పెద్ద ఊరికి బదిలీ అయిందని, నన్ను లారీ ఎక్కించినవారు చెప్పుకున్నారు.

ఇక్కడ తుప్పు మెల్లగా తన పని తాను చేస్తోంది. దాని మీద నాకు కోపం లేదు. కుళ్లాయమ్మకు మళ్లీ పిలుపు వచ్చిందో లేదో తెలియదు. తెలియనిదాన్ని తెలిసినట్టు చెప్పి మిమ్మల్ని ఓదార్చడం నాకు చేతకాదు. తెలిసింది మాత్రం చెబుతాను. ఆ రోజు ఆమెను దింపాక విమానం ఇరవై రెండు నిమిషాలు అక్కడే నిలిచి ఉంది. నాలుగు పెట్టెలు దించడానికి మూడు నిమిషాలు చాలు.