ఐదు పళ్ళాలు

మా గురువారం రచనల క్లాసులో నియమం ఒకటే: తమ కథ చదివినవాళ్ళు మిగతా అందరూ మాట్లాడేదాకా నోరెత్తకూడదు. మెక్సికో సిటీలో, పోర్తాలెస్ లైబ్రరీ మేడ మీద, ఇరవై ఏళ్ళుగా ఎవరిస్తో మాస్టారు ఈ క్లాసు నడుపుతున్నారు. ఏటా మా కథలతో ఒక పుస్తకం వేస్తారు. ఈసారి అందులో ఒక్క కథకే చోటు మిగిలింది, అది నాకు కావాలి.

నా వంతు రాగానే లేచి గబగబా చదివేశాను: "అమ్మ బల్ల మీద ఐదు పళ్ళాలు పెట్టింది. మేం నలుగురం."

కూర్చున్నాను. అందరూ పెన్నులు పట్టుకుని ఎదురుచూస్తున్నారు, అది మొదలే అనుకుని.

"కానీయ్ యెసేనియా, తర్వాత?" అన్నారు మాస్టారు.

నియమం ఉందిగా, నేను నోరు మెదపలేదు. పక్కనున్న రమీరో నా కాగితం లాక్కుని చూశాడు. నలభై పేజీలకు తక్కువ రాయడు వాడు.

"ఇది కథా, కిరాణా చీటీయా?"

ఇక మొదలు. ఐదో పళ్ళెం చచ్చిపోయిన తండ్రిదని ఒకరు, అమ్మకి లెక్కలు రావని ఒకరు, ఎవరో ఎత్తుకెళ్ళిన కొడుకుదని ఇంకొకరు. గంటసేపు కొట్టుకున్నారు, దాల్చినచెక్క కాఫీ చల్లారిపోయింది. మా అందరిలో పెద్దావిడ ఓబ్దూలియా గారు మాత్రం చివర్లో మెల్లిగా అన్నారు, "నేనింకా మూడే పెడతాను తల్లీ. మేం ఇద్దరమే."

మాస్టారు గొంతు సవరించుకుని, పుస్తకానికి మూడు పేజీలైనా ఉండాలన్నారు. ఆ ఐదోవాడెవరో, ఎలా పోయాడో రాసి తెమ్మన్నారు. లేదంటే చోటు రమీరోది.

రాశాను. అన్నయ్య చొక్కా రంగు, వాడెక్కిన బస్సు, అన్నీ రాశాను. మూడు పేజీలూ చదువుకుంటే, వాటిలో ఓబ్దూలియా గారి మూడో పళ్ళేనికి చోటే లేదు. చించేశాను.

తర్వాతి గురువారం, కథ మార్చి తెచ్చానని చెప్పగానే మాస్టారు సంబరంగా కళ్ళజోడు పెట్టుకున్నారు. చదివాను: "అమ్మ ఐదు పళ్ళాలు పెట్టింది. మేం నలుగురం."

'బల్ల మీద' అన్నది తీసేశాను.

"పెంచమన్నాను కదా అమ్మాయ్," అన్నారాయన. అందరూ మాట్లాడారు, తిట్టారు, రమీరో నవ్వాడు. ఓబ్దూలియా గారు నా కప్పులో కాఫీ పోశారు. చోటు రమీరోకే ఇస్తున్నానని చెప్పి, మాస్టారు నా వైపు తిరిగారు.

"ఇప్పుడు నువ్వు మాట్లాడొచ్చు."

"నేను చెప్పాల్సింది చదివేశాను మాస్టారూ," అన్నాను.