కడుపులో ఏ పురుగు

నాకు కోపం జాస్తి. ఆదోనిలో మా పత్తి జిన్నింగు మిల్లు కాడ దేవక్క అంటే ఎవురైనా ముందు ఆ మాటే సెప్తారు. సెప్పనీ. మూడేండ్ల నుంచి కన్నబిడ్డ కడుపు పట్టుకొని మెలికలు తిరుగుతాంటే శాంతంగా కూసునేదానికి నేనేం రాయినా? నా పెద్దబిడ్డ ఉరుకుందమ్మకు ఎనబై ఏడులో ఎనిమిదేండ్లు. ఆ పిల్ల కడుపునొప్పి పోవాల, అది నలుగురి మాదిరి తిని తిరగాల, నాకు కావాల్సింది అంతే. ఆ ఒక్కటీ ఎవురి చేతా కాలేదు.

తెల్లారి లేస్తానే మొదలు. "మా, కడుపు నొస్తాది మా" అని ముడుసుకొని పండుకుంటాది. రొట్టె పెడితే సగం తింటాది, ఆ సగం వాంతి సేస్తాది. జత పిల్లోళ్లు దానికంటే జానెడు ఎత్తయినారు. ఇది మాత్రం ఐదేండ్ల గౌనే ఇంకా తొడుక్కుంటాండాది.

బడి ఎగ్గొట్టేదానికి నాటకం అన్నాడు సదువు సెప్పే అయివారు. దిష్టి అని మా అత్త అంజినమ్మ మిరపకాయలు తిప్పి పొయ్యిలో ఏసింది. మా వీధిలో మందులిచ్చే యూసుఫ్ సాబుది ఒకటే మాట, "కడుపులో పురుగులుండాయి దేవక్కా." నులిపురుగుల మందు ఇచ్చినాడు. ఒకసారి కాదు, మూడుసార్లు. మందు పడినప్పుడల్లా పిల్లకు రెండ్రోజులు బేదులు. నొప్పి మాత్రం యాడికీ పోలేదు. "పురుగులు పడినాయా?" అని అడుగుతాడు. "పురుగులు పడలేదు సాబూ, నా బిడ్డే మంచాన పడింది" అన్నా.

నేను మాత్రం ఏం మంచిదాన్ని? ఒకపొద్దు మిల్లుకు టైమైపోతాంటే అది లెయ్యలేదు. అయివారి మాట నా నెత్తిలో తిరుగుతాండాది. నాటకాలాడతావా అని ఈపు మీద ఒకటిచ్చినా. అది ఏడవలేదు. లేసి, ఒక చేత్తో కడుపు పట్టుకొని, ఇంకో చేత్తో పలక తీసుకొని బడికి పోయింది. ఆ పోయిన తీరు తలుసుకుంటే ఇప్పటికీ నాకు తిండి దిగదు.

ఆ ఎండాకాలం, మిల్లు మూసినాక, చిన్నబిడ్డ బసిని చంకలో ఏసుకొని, పెద్దదాని చెయ్యి పట్టుకొని, ఎమ్మిగనూరు మీదుగా కర్నూలు పోయినా. ఆడొక ఆసుపత్రిలో కండ్లద్దాల డాక్టరు, వయసు చిన్నదే. పిల్ల కడుపు ఒత్తి సూసినాడు. ఎప్పుడు నొస్తాది, తింటే నొస్తాదా తినకపోతే నొస్తాదా అని శానాసేపు అడిగినాడు. ఇంతగా అడిగినోడు ఇంతకుముందు ఎవురూ లేరు. నాకు పానం లేసొచ్చింది.

అంతా అయినాక ఆయన అన్నాడు, "కడుపులో పురుగు ఉన్నట్టుందమ్మా. మందు రాస్తాను, రెండు వారాలు మానకుండా వెయ్యి."

నాకు కోపం నెత్తికెక్కింది. "సారూ, ఈ మాట కోసమా నేను రెండు బస్సులు మారి వచ్చింది? మా వీధిలో యూసుఫ్ సాబు మూడేండ్ల నుంచి ఇదే సెప్తాండాడు. ఇంక నీ సదువెందుకు?" అన్నా. ఆయన ఏందో సెప్పబోయినాడు. నేను ఇంటే కదా. చీటీ గుంజుకొని, పిల్లను లాక్కొని బయటికొచ్చేసినా.

ఇంటికొస్తానే మా అత్త, "ఏం రాసిచ్చినాడే?" అని అడిగింది.

"పురుగు మందంట."

"పత్తికి కొట్టేదా? పిల్లకు తాపమన్నాడా వాడు?" అని ఆమె రొమ్ము కొట్టుకునింది.

"అది కాదత్తా, మన సాబు ఇచ్చేదే" అన్నా. ఆమెకు తెలిసిన పురుగు ఒకటి, నాకు తెలిసిన పురుగు ఇంకొకటి. డాక్టరు సెప్పింది మా ఇద్దరికీ తెలీదు. ఆ చీటీని సూరులో దోపేసినా.

నాలుగు నెలలు అది ఆడనే ఉండాది. దసరా ముందు ఉరుకుందమ్మ బడిలో కండ్లు తిరిగి పడిపోయింది. ఇంటికి ఎత్తుకొస్తే నల్లగా, తారు మాదిరి దొడ్డికి పోయింది. ఆ నలుపు సూసి మా ఆయన నాగప్ప పిల్లను బుజానికి ఎత్తుకున్నాడు. బసిని అత్త కాడ ఇడిసి, సూరులో చీటీ తీసుకొని మల్లా కర్నూలుకే పోయినాము. ఆసుపత్రిలో పిల్లకు నెత్తురు ఎక్కిచ్చినారు.

అదే డాక్టరు వచ్చినాడు. "మాత్రలు వేశారా?" అన్నాడు. పొగచూరిన చీటీ చేతిలో పెట్టినా. ఆయన తిట్టింటే నేనూ తిట్టిందును, నాకది అలవాటే. ఆయన తిట్టలేదు. స్టూలు లాక్కొని కూసున్నాడు.

"తప్పు నాదమ్మా, పురుగు అన్నాను. ఇది మీరనుకునే పురుగు కాదు, కంటికి కనపడదు. పాలల్లో తోడు వేస్తారు కదా, తెల్లారేసరికి పెరుగు చేసేది ఏదో అందులో ఉంటుంది. దాన్ని ఎప్పుడైనా చూశారా?"

"లేదు సార్."

"ఇదీ అట్లాంటిదే. పేగుల్లో అట్లాంటివి లక్షలుంటాయి, మంచి చేసేవీ ఉంటాయి. కడుపులో ఊరే పులుపుకు మాత్రం ఏదీ బతకదని మేము చదువుకున్నాం. ఇది బతుకుతుందని ఈమధ్యే తెలిసింది. కడుపు గోడకు పుండు చేస్తుంది, ఆ పుండు నెత్తురే నల్లగా పోయింది. నులిపురుగుల మందుకు చావదు."

"పాలల్లో తోడు నేనేస్తా. దీన్ని నా బిడ్డ కడుపులో ఏసిందెవురు సార్?" అని అడిగినా. కోపంగానే అడిగినా. ఆ ఏసినోళ్లు దొరికితే జుట్టు పట్టుకుందామని.

"ఇంట్లో ఇంకెవరికైనా కడుపునొప్పి ఉందా?"

"నాకు మంట ఉండాది. కూలి చేసుకునేటోళ్లకు కడుపుమంట లేకుండా ఎట్లుంటాది?"

ఆయన నవ్వలేదు. పిల్ల దిక్కు తిరిగి, "నీకు అన్నం ఎవరు పెడతారు?" అన్నాడు.

మంచం మీద నుంచే ఉరుకుందమ్మ గొప్పగా సెప్పింది. "మా యమ్మ సార్. జొన్నరొట్టె గట్టిగుంటాదని నమిలి పెడతాది. జరమొస్తే ఇప్పుడు కూడా పెడతాది. మా యమ్మ నమిలింది తియ్యగుంటాది సార్."

డాక్టరు రాసేది ఆపినాడు. "నీకు ఎవరు నమిలి పెట్టారమ్మా?" అని నన్ను అడిగినాడు.

"మా యమ్మ. పెద్దకడుబూరులో. మంట, మంట అంటానే పోయింది."

"అట్లే వచ్చిందని నేను ఖాయంగా చెప్పలేను. మాకే ఇంకా సరిగా తెలీదు" అన్నాడు. ఆయనకు తెలీకపోతే ఏం, నాకు తెలిసిపోయింది. మూడేండ్లు అయివార్ని తిట్టినా, సాబును తిట్టినా, ఈయన్ని కూడా తిట్టినా. ఇప్పుడు ఇంత కోపం యాడ పెట్టుకోవాల్నో నాకు తెలీలేదు. గోడ దిక్కు తిరిగి ఏడ్సినా.

మాత్రలు ఇద్దరికీ రాసిచ్చినాడు. రెండు వారాలు ఒక్కపూట తప్పకుండా మింగినాము. ఉగాదికి నా బిడ్డ ఒక రొట్టె మొత్తం తినింది. అది తర్వాత మాట. ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చిన పొద్దు జరిగింది సెప్తా.

వారం దినాలు సరింగ తిండి లేదు. కాళ్లు కడుక్కొని రొట్టె ముందర కూసున్నా. బసికి అప్పుడు పదో నెల. పాక్కుంటా వచ్చి, నా మోకాలు పట్టుకొని నిలబడి, నోరు తెరిసింది. నేను తునక తుంచి నోట్లో ఏసుకొని నమిలినా. మెత్తగయింది. తీసి ఏళ్ల మీద పెట్టుకొని దాని నోటి కాడికి తీసుకుపోయినా. అప్పుడు గాని సోయి రాలేదు నాకు.

"పెట్టు మా, తియ్యగుంటాది" అనింది ఉరుకుందమ్మ పక్కన పండుకొని.

ఆ ముద్ద కోళ్లకు ఇసిరేసినా. బసి ఏడుపు ఎత్తుకునింది. రొట్టె మజ్జిగలో నానేసి, ఏళ్లతో మెదిపి పెడితే ఊసేసింది. మల్లా పెడితే మల్లా ఊసింది. నా నోటి దిక్కే సూసుకుంటా ఏడుస్తాండాది.

"ఇంత నమిలి పెట్టేదానికి ఏమొచ్చిందే నీకు? ఆకలికి అల్లాడతాండాది బిడ్డ. దాని మీద కూడా కోపమేనా?" అనింది మా అత్త.

"కోపమే అత్తా" అని, మజ్జిగలో ఇంకో తునక నానేసినా.